ఫార్మాట్ కొట్టించే ముందు: లినక్స్ మింట్ వేస్తుంటే ల్యాప్‌టాప్ మొరాయిస్తే ఏం చేయాలి

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 వేద్దామంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ కావాలి, ప్రాసెసర్ మైక్రోసాఫ్ట్ ఒప్పుకున్న జాబితాలో ఉండాలి. ఇంటెల్‌లో ఆ జాబితా దాదాపు 8వ తరం నుంచే మొదలవుతుంది. అంటే 2015, 2016 ప్రాంతంలో కొన్న ల్యాప్‌టాప్ ఎంత చక్కగా పనిచేస్తున్నా దానికి ఆ దారి లేదు. అలాంటి ల్యాప్‌టాప్‌లో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుంటే ఇంకొన్నేళ్లు హాయిగా వాడుకోవచ్చు. మింట్ 22కి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. 4 జీబీ ర్యామ్ ఉంటే నడుస్తుంది.

వేయడం కష్టమేమీ కాదు. మధ్యలో ఆగిపోతేనే టెన్షన్. స్క్రీన్ నల్లగా అయిపోతుంది, లేదంటే అర్థం కాని ఇంగ్లిష్ వాక్యం ఒకటి కనిపిస్తుంది. అప్పుడు చుట్టుపక్కల నుంచి వచ్చే మొదటి సలహా "ఫార్మాట్ కొట్టించెయ్". దయచేసి తొందరపడకండి. కింద చెప్పిన సమస్యల్లో చాలావాటికి ఫార్మాట్ అవసరమే లేదు. మీ ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు డిస్క్‌లో భద్రంగానే ఉంటాయి. ఫార్మాట్ కొడితేనే అవి పోతాయి.

ముందు ఎక్కడ ఆగిందో చూడండి

పవర్ బటన్ నొక్కాక నాలుగు దశలు జరుగుతాయి. మొదట మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ లేస్తుంది. మనం బయోస్ అని పిలిచేది దీన్నే. విండోస్ 8 కాలం నుంచి వచ్చిన ల్యాప్‌టాప్‌లలో ఇది యూఈఎఫ్ఐ, అంటే బయోస్ కొత్త రూపం. పాత పద్ధతిని లెగసీ అంటారు. రెండోది ఆపరేటింగ్ సిస్టమ్‌ని పిలిచే బూట్‌లోడర్: విండోస్‌కి విండోస్ బూట్ మేనేజర్, లినక్స్‌కి గ్రబ్. మూడో దశలో ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నల్ లోడవుతుంది. చివరికి లాగిన్ స్క్రీన్.

కంపెనీ లోగో దగ్గరే ఆగినా, బూట్ చేయడానికి ఏ డివైస్ దొరకలేదని చెప్పినా తప్పు మొదటి దశలో ఉంది. గ్రబ్ అనే పదం కనిపిస్తే రెండో దశ. మెనూ వచ్చి, ఎంటర్ కొట్టాక స్క్రీన్ నల్లబడితే మూడోది, చాలాసార్లు గ్రాఫిక్స్ కార్డు గొడవ. ఈ తేడా తెలిస్తే సగం పని అయిపోయినట్టే. ఎందుకంటే మొదటి దశలో ఉన్న తప్పుకి మింట్‌ని ఎన్నిసార్లు మళ్లీ వేసినా ఫలితం ఉండదు.

రెండు అలవాట్లు చేసుకోండి. తెర మీద ఏ మెసేజ్ వచ్చినా వెంటనే ఫోన్‌తో ఫొటో తీయండి. బయోస్‌లో ఏదైనా మార్చాల్సి వస్తే ఒకసారికి ఒక్కటే మార్చి, రీస్టార్ట్ చేసి చూడండి. మార్చే ముందు ఉన్న సెట్టింగ్‌నీ ఫొటో తీయండి. ఒకేసారి నాలుగు మార్చేస్తే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు.

మొదలుపెట్టే ముందు విండోస్‌లోనే చేయాల్సినవి

ముఖ్యమైన ఫైళ్లు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేసుకోండి. డి డ్రైవ్‌లో పెట్టుకుంటే చాలనుకోకండి. సి, డి రెండూ మామూలుగా ఒకే డిస్క్‌లోని ముక్కలు, వీటినే పార్టిషన్లు అంటారు. మింట్ ఇన్‌స్టాలర్‌లో "ఇరేజ్ డిస్క్" అన్న ఆప్షన్ ఎంచుకుంటే రెండూ కలిసే పోతాయి.

తర్వాత బిట్‌లాకర్ చూడండి, అది డిస్క్‌లోని డేటాకి విండోస్ వేసే తాళం. "నేనెప్పుడూ ఆన్ చేయలేదు" అనుకుంటారు కానీ, కొన్ని ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ కాగానే అది దానంతటదే ఆన్ అవుతుంది. విండోస్ హోమ్‌లో దాని పేరు డివైస్ ఎన్‌క్రిప్షన్. సెట్టింగ్స్‌లో వెతికి, ఆన్‌లో ఉంటే ఆఫ్ చేసి, డీక్రిప్షన్ పూర్తయ్యేదాకా ఆగండి. ఆఫ్ చేయకుండా బయోస్‌లో చెయ్యి పెడితే తర్వాతి బూట్‌లో నీలం తెర వచ్చి 48 అంకెల రికవరీ కీ అడగొచ్చు. ఆ కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ పేజీలో, డివైసెస్ విభాగంలో ఉండే అవకాశం ఎక్కువ. ఈ అకౌంట్ ఏ మెయిల్ ఐడీతో తెరిచారో, దాని పాస్‌వర్డ్ ఏమిటో ఇప్పుడే సరిచూసుకోండి. షాపులో ల్యాప్‌టాప్ కొన్న రోజున అక్కడి కుర్రాడు ఎవరి మెయిల్‌తోనో సెటప్ చేసి ఇస్తే ఇక్కడే ఇరుక్కుంటారు.

కంట్రోల్ ప్యానెల్‌లోని పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ టిక్ తీసేయండి. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉంటుంది. ఆ స్థితిలో ఉన్న డ్రైవ్‌లో లినక్స్ రాయలేదు, పార్టిషన్ సైజు మార్చలేదు.

స్టార్ట్ మెనూలో సిస్టమ్ ఇన్ఫర్మేషన్ అని వెతికి తెరవండి. అందులో బయోస్ మోడ్ ఎదురుగా యూఈఎఫ్ఐ అని ఉందా, లెగసీ అని ఉందా? కాగితం మీద రాసిపెట్టుకోండి. విండోస్ ఏ మోడ్‌లో ఉందో మింట్‌ని కూడా అదే మోడ్‌లో వేయాలి. కొత్తవాళ్లకి ఎదురయ్యే సమస్యల్లో ఎక్కువ భాగం ఈ రెండూ కలవకపోవడం వల్లే వస్తాయి.

చివరగా డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్‌ని ష్రింక్ చేసి ఓ 50, 60 జీబీ ఖాళీ చేయండి. ఆ ఖాళీ చోటుని ఫార్మాట్ చేయకుండా అలాగే వదిలేయండి.

పెన్‌డ్రైవ్

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు, మింట్ మొత్తం ఉండే ఐఎస్ఓ అనే ఫైలు దాదాపు 3 జీబీ. ఐఎస్ఓని మామూలుగా కాపీ, పేస్ట్ చేస్తే పెన్‌డ్రైవ్ బూట్ అవదు. రూఫస్ లాంటి టూల్‌తో రాయాలి. రాసే ముందు డౌన్‌లోడ్ సరిగా వచ్చిందో లేదో చూడండి: రూఫస్‌లో ఐఎస్ఓని ఎంచుకుని, పక్కనున్న టిక్ గుర్తు నొక్కితే షా256 అనే పొడవాటి సంఖ్య ఇస్తుంది. మింట్ సైట్‌లో ఆ ఎడిషన్‌కి ఇచ్చిన సంఖ్యతో అది అక్షరం తేడా లేకుండా కలవాలి. మొబైల్ డేటా మీద డౌన్‌లోడ్ చేసినప్పుడు ఫైలు మధ్యలో తెగిపోవడం మామూలే, కాబట్టి ఇది దాటేయకండి.

రూఫస్‌లో పార్టిషన్ స్కీమ్ అడుగుతుంది. మీరు కాగితం మీద యూఈఎఫ్ఐ అని రాసుకుంటే జీపీటీ ఎంచుకోండి, లెగసీ అయితే ఎంబీఆర్. రాయడం మొదలుపెట్టేటప్పుడు ఐఎస్ఓ మోడా, డీడీ మోడా అంటే ముందు ఐఎస్ఓ మోడ్. అలా రాసింది బూట్ కాకపోతే డీడీ మోడ్‌లో మళ్లీ రాయండి. డీడీలో రాసిన పెన్‌డ్రైవ్‌ని విండోస్ గుర్తుపట్టలేక "ఫార్మాట్ చేయమంటారా" అని అడగొచ్చు. వద్దనండి. పెన్‌డ్రైవ్ పాడవలేదు.

పెన్‌డ్రైవ్ పెట్టినా నేరుగా విండోస్ వస్తోందా?

బూట్ మెనూ తెరవాలి. పవర్ నొక్కిన వెంటనే డెల్, లెనోవోల్లో ఎఫ్12 మీద టకటకా కొడుతూ ఉండండి. హెచ్‌పీలో ఎస్కేప్, తర్వాత ఎఫ్9. ఆసుస్ ల్యాప్‌టాప్‌లో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12, కానీ ముందు ఎఫ్2తో బయోస్‌లోకి వెళ్లి ఎఫ్12 బూట్ మెనూ అన్న ఆప్షన్‌ని ఎనేబుల్ చేయాల్సి రావచ్చు. కొన్ని లెనోవో ఐడియాప్యాడ్‌లకి పక్కన నోవో అనే చిన్న బటన్ ఉంటుంది, ల్యాప్‌టాప్ ఆఫ్‌లో ఉన్నప్పుడు దాన్ని పిన్నుతో నొక్కాలి. ఏ కీ పనిచేయకపోతే విండోస్‌లో షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. వచ్చే నీలం తెరలో యూజ్ ఏ డివైస్ ద్వారా పెన్‌డ్రైవ్ ఎంచుకోవచ్చు.

బూట్ మెనూలో మీ పెన్‌డ్రైవ్ పేరు రెండుసార్లు కనిపించవచ్చు, ఒకదాని ముందు యూఈఎఫ్ఐ అని ఉంటుంది. కాగితం చూసుకుని సరైనదే ఎంచుకోండి. అసలు కనిపించకపోతే ఇంకో యూఎస్‌బీ పోర్టులో పెట్టండి, హబ్ వాడకుండా నేరుగా గుచ్చండి.

పెన్‌డ్రైవ్ కనిపించి, ఎంచుకోగానే సెక్యూరిటీ వయొలేషన్ అని వస్తే అది సెక్యూర్ బూట్, అంటే తాను నమ్మిన బూట్‌లోడర్లనే లేవనిచ్చే ఫర్మ్‌వేర్ కాపలా. మింట్ సెక్యూర్ బూట్‌తో పనిచేస్తుంది, కానీ పాత ఐఎస్ఓలతో చిక్కు ఉంది. 2024 ఆగస్టులో వచ్చిన ఒక విండోస్ అప్‌డేట్ పాత లినక్స్ బూట్‌లోడర్లని నిరాకరించేలా ఫర్మ్‌వేర్‌లో మార్పు రాసింది. దాంతో ఎస్‌బ్యాట్ అన్న పదంతో ఎర్రర్ ఇచ్చి కంప్యూటర్ ఆఫ్ అయిపోతుంది. కొత్త ఐఎస్ఓ దింపుకుని మళ్లీ రాయండి. అదీ కుదరకపోతే బయోస్‌లో సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపండి, బిట్‌లాకర్ ఆఫ్ చేశాకే.

మెనూ వచ్చి, ఎంటర్ కొడితే నల్ల స్క్రీన్

ఎన్‌విడియా కార్డున్న ల్యాప్‌టాప్‌లలో ఇది ఎక్కువ. ఒక రెండు నిమిషాలు ఓపిక పట్టండి, పాత పెన్‌డ్రైవ్ అయితే నిజంగానే ఆలస్యం కావచ్చు. అయినా రాకపోతే రీస్టార్ట్ చేసి మెనూలో కంపాటిబిలిటీ మోడ్ ఎంచుకోండి. లేదా మొదటి లైను మీద ఉండగా కీబోర్డులో "ఇ" అక్షరం నొక్కండి. వచ్చిన పాఠంలో లినక్స్ అని మొదలయ్యే లైను చివర ఒక ఖాళీ వదిలి, నోమోడ్‌సెట్ అన్న పదాన్ని మధ్యలో ఖాళీ లేకుండా చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో టైప్ చేసి ఎఫ్10 కొట్టండి. తెర కాస్త ముతకగా కనిపించినా, పెన్‌డ్రైవ్ నుంచే నడిచే మింట్ డెస్క్‌టాప్ వస్తుంది.

ఇన్‌స్టాల్ అయ్యాక మొదటిసారి కూడా ఇదే చేయాల్సి రావచ్చు. ఒకసారి లోపలికి వెళ్లాక డ్రైవర్ మేనేజర్ తెరిచి, రికమెండెడ్ అని చూపించిన ఎన్‌విడియా డ్రైవర్ వేస్తే ఇక నోమోడ్‌సెట్ అక్కర్లేదు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ పెట్టమంటుంది. రీస్టార్ట్‌లో నీలం తెర వస్తుంది, అక్కడ ఎన్‌రోల్ ఎంఓకే ఎంచుకుని అదే పాస్‌వర్డ్ ఇవ్వాలి. కంగారులో కంటిన్యూ నొక్కేస్తే డ్రైవర్ లోడవదు.

ఇన్‌స్టాలర్‌కి హార్డ్‌డిస్క్ కనిపించడం లేదు

ఇదే అన్నిటికన్నా భయపెట్టే సమస్య. డిస్క్ పోయిందనుకుంటారు. కానీ విండోస్ నిక్షేపంగా నడుస్తోంది కదా, అంటే డిస్క్ బాగానే ఉంది. చాలా డెల్, ఏసర్, హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లలో డిస్క్ కంట్రోలర్‌ని ఇంటెల్ ఆర్ఎస్‌టీ లేదా రెయిడ్ మోడ్‌లో పెట్టి అమ్ముతారు. ఆ మోడ్‌లో లినక్స్‌కి డిస్క్ కనబడకపోవచ్చు. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. కానీ నేరుగా మారిస్తే విండోస్ బూట్ కాకుండా నీలం తెర ఇస్తుంది, ఎందుకంటే ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ని మొదట్లోనే లోడ్ చేయాలని దానికి తెలియదు. సేఫ్ మోడ్‌లో ఒకసారి లేస్తే ఆ సంగతి సర్దుకుంటుంది. అందుకే ఈ వరస తప్పకండి:

1. విండోస్‌లో సిస్టమ్ కాన్ఫిగరేషన్ తెరిచి, బూట్ ట్యాబ్‌లో సేఫ్ బూట్, దాని కింద మినిమల్ టిక్ పెట్టండి. సేఫ్ మోడ్‌లో పిన్ పనిచేయకపోవచ్చు, అసలు పాస్‌వర్డ్ గుర్తుందో లేదో ముందే చూసుకోండి.
2. రీస్టార్ట్ చేసి, విండోస్‌ని లేవనివ్వకుండా నేరుగా బయోస్‌లోకి వెళ్లండి. సాటా మోడ్ లేదా స్టోరేజ్ అన్న చోట రెయిడ్ లేదా ఆర్ఎస్‌టీ బదులు ఏహెచ్‌సీఐ ఎంచుకుని సేవ్ చేయండి. ఏసర్‌లో ఈ ఆప్షన్ కనిపించకపోతే మెయిన్ పేజీలో కంట్రోల్, ఎస్ కలిపి నొక్కండి, దాచిన ఆప్షన్ బయటికొస్తుంది.
3. విండోస్ సేఫ్ మోడ్‌లో లేస్తుంది. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో సేఫ్ బూట్ టిక్ తీసేసి మళ్లీ రీస్టార్ట్ చేయండి. విండోస్ మామూలుగా వచ్చిందంటే పని అయినట్టే.

ఒక్క జాగ్రత్త. మీ ల్యాప్‌టాప్ హార్డ్‌డిస్క్‌తో పాటు, దాని వేగం పెంచే ఇంటెల్ ఆప్టేన్ మెమరీ ఉన్న మోడల్ అయితే, ఇదంతా మొదలుపెట్టే ముందు ఇంటెల్ ఆర్ఎస్‌టీ యాప్‌లో ఆప్టేన్‌ని డిజేబుల్ చేయాలి. ఆ రెండూ జతగా పనిచేస్తాయి, జత విడదీయకుండా మోడ్ మారిస్తే డేటా దెబ్బతినొచ్చు.

డిస్క్ కనిపిస్తోంది కానీ "విండోస్ పక్కన ఇన్‌స్టాల్" అన్న ఆప్షన్ రాలేదంటే, పెన్‌డ్రైవ్ తప్పు మోడ్‌లో బూట్ అయి ఉండొచ్చు. మింట్ ఫైల్ మేనేజర్‌లో సిస్ ఫోల్డర్, అందులో ఫర్మ్‌వేర్ ఫోల్డర్ తెరవండి. ఈఎఫ్ఐ అన్న ఫోల్డర్ కనిపిస్తే యూఈఎఫ్ఐలో ఉన్నారు, లేకపోతే లెగసీలో. కాగితంతో కలవకపోతే ఆపేసి, బూట్ మెనూ నుంచి మళ్లీ మొదలుపెట్టండి. ఈ తేడాతోనే ముందుకెళ్తే చివర్లో గ్రబ్ ఇన్‌స్టాల్ ఫెయిలైందని చెబుతుంది, లేదంటే మెనూలో విండోస్ కనిపించదు.

సొంతంగా పార్టిషన్లు ఎంచుకుంటుంటే, ఈఎఫ్ఐ సిస్టమ్ అని ఉన్న చిన్న పార్టిషన్‌ని, తరచుగా 100 ఎంబీ ఉంటుంది, ఎట్టి పరిస్థితుల్లోనూ ఫార్మాట్ చేయకండి. విండోస్ బూట్‌లోడర్ ఉండేది అందులోనే.

కాపీ అవుతుండగా ఇన్‌పుట్ అవుట్‌పుట్ ఎర్రర్ అని ఆగిపోతే పెన్‌డ్రైవ్‌ని అనుమానించండి, ఇంకోదానికి మళ్లీ రాసి చూడండి. అయినా అదే వస్తే మింట్‌లోనే ఉన్న డిస్క్స్ యాప్‌లో స్మార్ట్ డేటా, అంటే డిస్క్ ఆరోగ్య వివరాలు చూడండి. అక్కడ డిస్క్ ఫెయిల్ అవుతోందని చెబితే ఇన్‌స్టాల్ ఆపి ముందు డేటా బయటికి తీసుకోండి. ఛార్జర్ పెట్టే ఉంచండి. బ్యాటరీ చచ్చిపోయిన పాత ల్యాప్‌టాప్ అయితే కరెంటు కోతల వేళ ఈ పని పెట్టుకోవద్దు.

అంతా అయ్యాక నేరుగా విండోసే వస్తోంది

ఇన్‌స్టాల్ ఫెయిలవలేదు. ఫర్మ్‌వేర్ ఇంకా విండోస్ బూట్ మేనేజర్‌నే ముందు పిలుస్తోంది. బయోస్‌లో బూట్ ఆర్డర్ తెరవండి. అక్కడ మింట్ అని వెతక్కండి, దాని ఎంట్రీ పేరు ఉబుంటు అని ఉంటుంది. మింట్‌ని ఉబుంటు మీద కట్టారు కాబట్టి ఆ పేరే వస్తుంది. దాన్ని మొదటికి తెచ్చి సేవ్ చేయండి. కొన్ని హెచ్‌పీల్లో ఓఎస్ బూట్ మేనేజర్ అన్న లైను మీద ఎంటర్ కొడితేనే లోపల ఉబుంటు కనిపిస్తుంది. ఏసర్‌లో అయితే బయోస్‌కి సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ పెట్టాక, సెక్యూరిటీ పేజీలో యూఈఎఫ్ఐ ఫైల్‌ని ట్రస్టెడ్‌గా ఎంచుకునే ఆప్షన్ తెరుచుకుంటుంది. ఈఎఫ్ఐ, ఉబుంటు ఫోల్డర్లలోకి వెళ్లి షిమ్‌ఎక్స్64 ఫైలుని ఎంచుకోవాలి. ఆ పాస్‌వర్డ్ రాసిపెట్టుకోండి, మర్చిపోతే తీయించడం పెద్ద తలనొప్పి.

ఆ జాబితాలో ఉబుంటు లేనే లేకపోతే, పెన్‌డ్రైవ్‌తో మింట్‌లోకి వెళ్లి, నెట్ కనెక్ట్ చేసి, మెనూలో ఉండే బూట్ రిపేర్ తెరవండి. రికమెండెడ్ రిపేర్ నొక్కితే గ్రబ్‌ని మళ్లీ పెడుతుంది. మీ ఫైళ్ల జోలికి వెళ్లదు. వైఫై రాకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి, డ్రైవర్లు దింపడానికి కూడా ఇదే దారి.

కొన్నాళ్లు వాడాక వచ్చేవి

"లినక్స్ వద్దులే" అనుకుని విండోస్ నుంచి దాని పార్టిషన్ తీసేశారా? తర్వాతి బూట్‌లో గ్రబ్ రెస్క్యూ అనో, ఉత్త గ్రబ్ అనో వచ్చి ఆగుతుంది. యూఈఎఫ్ఐ మోడ్‌లో ఉంటే బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్ ఎంచుకోండి, విండోస్ వస్తుంది. బూట్ ఆర్డర్‌లో దాన్నే మొదట పెట్టేస్తే సరిపోతుంది.

కరెంటు పోయి మెషిన్ ఉన్నట్టుండి ఆగిపోతే, మర్నాడు ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అన్న నల్ల తెర రావచ్చు. ఫైల్‌సిస్టమ్‌లో లెక్క తప్పింది, సరిచేయమని అడుగుతోంది. తెర మీద ఏ పార్టిషన్ పేరు చూపించిందో దాన్ని, ఎఫ్ఎస్‌సీకే అన్న నాలుగక్షరాల తర్వాత ఖాళీ వదిలి టైప్ చేయండి. అడిగిన ప్రతిదానికీ "వై" అనండి. అయ్యాక రీబూట్.

అప్‌డేట్ తర్వాత మింట్ లేవకపోతే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోండి. మింట్ పాతది వెంటనే తీసేయదు, ఇలాంటి రోజు కోసమే.

పాత డెస్క్‌టాప్ రోజూ బూట్ డివైస్ లేదంటూ, తేదీ ఎక్కడికో వెనక్కి వెళ్లిపోతుంటే మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బిళ్ల బ్యాటరీ అయిపోయింది. దాంతో బయోస్ సెట్టింగులు చెరిగిపోయి మోడ్ మారిపోతోంది. చవకైన బ్యాటరీ, మార్చి బయోస్‌లో పాత సెట్టింగులు పెట్టండి.

విండోస్‌లో గడియారం సరిగ్గా ఐదున్నర గంటలు వెనక్కి ఉంటే మెషిన్ తప్పేం లేదు. లినక్స్ మదర్‌బోర్డు గడియారంలో యూటీసీ అనే అంతర్జాతీయ ప్రామాణిక సమయం రాస్తుంది, విండోస్ దాన్నే స్థానిక సమయం అనుకుంటుంది. మన టైమ్‌కీ యూటీసీకీ తేడా అంతే కదా. మింట్ టెర్మినల్‌లో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని చిన్న ఇంగ్లిష్ అక్షరాలతో కొడితే రెండూ కలుస్తాయి.

ఇవేవీ పనిచేయక ఎవరినైనా అడగాల్సి వస్తే, ల్యాప్‌టాప్ మోడల్, ఏ దశలో ఆగింది, అంతకు ముందు మీరు ఏం మార్చారు, తెర ఫొటో, ఈ నాలుగూ ఇవ్వండి. "ఆన్ అవట్లేదు" అంటే ఎవరూ ఏం చెప్పలేరు. షాపుకి తీసుకెళ్తే, ల్యాప్‌టాప్ చేతికిచ్చే ముందే "డేటా కావాలి, అడక్కుండా ఫార్మాట్ కొట్టొద్దు" అని చెప్పి, రసీదు మీద కూడా ఆ మాట రాయించుకోండి.